రంగులవారి సందు పేగు

నేరియా నది పొంగి న్యాయసభ మెట్లు ఏడింటిని ముంచిన ఏడాదిని మార్వెంతం పట్టణంలో ఏడుమెట్ల వరద అంటారు. అంతకుముందు అయిదుమెట్ల వరద ఒకటి ఉండేది గాని, ఇది వచ్చాక దాన్ని తలుచుకునేవాళ్ళు లేకుండా పోయారు. పిల్ల పుట్టినా, గోడ కూలినా, ఎద్దు చచ్చినా, ఏడుమెట్లకు ముందా తర్వాతా అనే అడుగుతారు. ఈ సంగతి ఏడుమెట్ల వరద తీసిన మరుసటి ఏడు జరిగింది.

మార్వెంతం రోమా చక్రవర్తి ఏలుబడిలోని చిన్న పట్టణం. చిన్నదైనా దేనికీ లోటు లేదు. స్నానశాల ఉంది. వైద్యదేవుడి గుడి ఉంది. నగరసభ జీతమిచ్చి పెట్టుకున్న గ్రీకు వైద్యుడు ఉన్నాడు. కొండ మీది ఊట నీళ్ళు అక్కడి తొట్టిలో నిండి, మట్టి గొట్టాల్లో దిగి వీధి వీధికీ ఒక రాతి తొట్టిలో పడతాయి. 

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. కాలు నొప్పి చేస్తే దేవుడికి మొక్కుకుంటారు. నొప్పి తగ్గాక మట్టితో చేసిన కాలు ఒకటి తెచ్చి గుడి గోడకు వేలాడదీస్తారు. కన్ను బాగుపడితే మట్టి కన్ను. కడుపు బాగుపడితే మట్టి కడుపు. బాగుపడకపోతే ఏమీ తేరు. దేవుడూ అడగడు.

ఆ కాళ్ళూ కళ్ళూ కడుపులూ చేసేవాడు తుబెరో. రంగులవారి సందు చివర అతని కుమ్మరి ఆవం. వయసు అరవై దాటింది. రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. అందులో ఆరు ఆవంతోనే. అతను చేసే కడుపు ముందు వైపు తెరిచి ఉంటుంది, లోపల పేగులు చుట్టలుగా కనిపిస్తాయి. మనిషి కడుపులో ఎలా ఉంటుందో అతనికి తెలియదు. తండ్రి గొర్రెను చూసి అచ్చు చేశాడు, కొడుకు ఆ అచ్చునే వాడుతున్నాడు. తేడా ఉందని ఇంతవరకు ఎవరూ వచ్చి చెప్పలేదు.

వరదలో స్నానశాల గోడ కింద నేల కుంగింది. ఆ గోడ వెంబడే రంగులవారి సందుకు వచ్చే మంచినీటి గొట్టాలు ఉన్నాయి. వాటి పక్కనే స్నానశాల మురుగు కాలవ ఉంది. గొట్టాలు పదకొండు పగిలాయి. అప్పటినుంచి సందు తొట్టిలో నీళ్ళు కొంచెం వెచ్చగా, కొంచెం నూనెగా వస్తున్నాయి. రంగుల అద్దకం వాళ్ళకు అది మొదట సౌకర్యంగానే తోచింది. తర్వాత ఒక్కొక్కరికే కడుపులు కదలడం మొదలైంది.

తుబెరో భార్య ఒపియాకు వేసవి మొదట్లో ఆ జబ్బు పట్టుకుంది. రోజుకు పన్నెండుసార్లు పెరట్లోకి వెళ్ళేది. తర్వాత వెళ్ళలేక గోడ పట్టుకునేది. తర్వాత మంచం దిగడం మానేసింది.

"ఏవయ్యా," అంది ఒకరోజు, "ఊళ్ళో అందరి కడుపులూ చేస్తావు. నా కడుపొక్కటీ చెయ్యవేం?"

"తగ్గాక చేస్తా."

"అయితే ఇప్పట్లో నీకు పని లేదులే," అని అటు తిరిగి పడుకుంది.

సరిగ్గా ఆ వారమే ప్రాంతాధిపతి దగ్గరనుంచి నగరసభకు లేఖ వచ్చింది. వరద తాకిన పట్టణాలలో ఎందరు రోగవిముక్తులైరో తెలుపవలెనని, అత్యధిక సంఖ్య గల పట్టణమునకు 'నిత్యారోగ్య నగరము' అను బిరుదూ, ద్వారమునకు రాతి శాసనమూ అనుగ్రహింపబడునని అందులో ఉంది. ఎందరు రోగగ్రస్తులైరో తెలుపమని లేదు.

ఆ లేఖ నగరపాలకుడు ఫాబుల్లుస్ చేతికి వచ్చింది. ఫాబుల్లుస్ పనిమంతుడు. ఎంతమంది బాగుపడ్డారో వీధి వీధీ తిరిగి అడగడం ఎండలో పని. గుడి గోడ నీడలో ఉంది. ఆయన గుడికి వెళ్ళి ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. వెంట గుమస్తా సిలో మైనపు పలకతో నిలబడ్డాడు.

"సిలో, మట్టి కాలు ఎప్పుడు వేలాడును?"

"కాలు బాగయ్యాక అయ్యగారూ."

"కనుక వేలాడు కాలు ఒక్కొక్కటియు బాగుపడిన కాలునకు సాక్ష్యము. కాళ్ళను లెక్కింపుము."

సిలో లెక్కపెట్టాడు. కాళ్ళు నలభై, కళ్ళు ముప్ఫై ఒకటి, కడుపులు ఎనిమిది. చేతులూ చెవులూ కలుపుకొని మొత్తం నూట పన్నెండు. పక్క పట్టణంలో గుడి పెద్దదని ఇద్దరికీ తెలుసు. అక్కడి గోడ నాలుగు వైపులా ఉంటుంది.

మర్నాడు న్యాయసభ ముందు తెల్లసున్నం పలక మీద ప్రకటన వెలిసింది. "మార్వెంత నగరవాసులకు తెలియజేయునది ఏమనగా, స్వస్థత చేకూరిన పిదప మృణ్మయ అవయవమును సమర్పించు ప్రస్తుత పద్ధతి వలన జాప్యము జరుగుచున్నది. ఇకమీదట రోగి రోగారంభమున మొదటి దినముననే సదరు అవయవమును సమర్పింపవలెను."

తుబెరోకు చదువు రాదు. శనగలమ్మే తెర్తుల్లా చదివి చెప్పింది. ఆమె వితంతువు, గుగ్గిళ్ళ బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతుంది కనుక ఊరి సంగతులు ముందు ఆమె దగ్గరే ఉంటాయి.

"నీ పని బాగుంది మావా. ఇక చిన్న తుమ్ము వచ్చినా ముక్కు చేయాల్సిందే."

తుబెరో ఆ సాయంత్రమే ఒక కడుపు కాల్చాడు. మిగతా వాటికన్నా కొంచెం నున్నగా తీర్చాడు. పొద్దున్నే గుడికి తీసుకెళ్ళి తగిలించి, ఒపియా పేరు చెప్పాడు. సిలో పలక మీద గీశాడు. మంచి జరుగుతుందనే అనుకున్నాడు తుబెరో. దేవుడికి ముందే ఇస్తే ముందే చూస్తాడేమో అని అతని ఆలోచన.

మూడోరోజు వైద్యుడి కోసం వెళ్ళాడు. వైద్యశాల గుమ్మం దగ్గర ముక్కాలిపీట వేసుకుని సిలో కూర్చుని ఉన్నాడు.

"రోగి పేరు?"

"ఒపియా. నా ఇంటిది. నీకు తెలుసుగా."

సిలో పలక మీద వేలు జరుపుకుంటూ పోయి ఆగాడు. "ఒపియా. రంగులవారి సందు. కడుపు ఒకటి. నయమైంది."

"కాలేదు."

"ఇక్కడ అయింది."

"ఇంట్లో కాలేదు."

"ఇంట్లో పలక లేదు కదా తుబెరో," అన్నాడు సిలో ఓపికగా. "నిన్న కొత్త ప్రకటన వచ్చింది. సమర్పించిన అవయవం నయమైనట్టే. నయమైన అవయవానికి వైద్యం చేస్తే నగరవైద్యుడి కాలం వృథా."

తుబెరో గుడి వైపు తిరిగాడు. "అయితే దాన్ని దించేస్తా."

"తగిలించడానికి నిబంధన ఉంది. దించడానికి లేదు. ఒక కడుపు దిగితే ఊరి ఆరోగ్యం ఒకటి తగ్గుతుంది. నువ్వు తెలియక అన్నావని ఊరుకుంటున్నా."

తుబెరో కదల్లేదు. అక్కడే నిలబడ్డాడు. మాట్లాడని మనిషి గుమ్మంలో నిలబడితే గుమస్తాకు ఇబ్బందిగా ఉంటుంది. సిలో చెడ్డవాడు కాదు. అతనికీ ఇంట్లో తల్లి ఉంది. పలక మళ్ళీ చూశాడు.

"ఆమెకు ఇంకా నయం కాని అవయవాలు ఉన్నాయి. ఎడమ మోచేయి ఖాళీగా ఉంది. మోచేయి చూపించుకుంటానంటే రాసుకుంటా."

ఆ విధంగా నగరవైద్యుడు హెర్మొలావు ఒపియా ఎడమ మోచేయి చూడడానికి రంగులవారి సందుకు వచ్చాడు. సాక్షిగా సిలో కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వైద్యుడు సన్నగా, గడ్డం నెరిసి, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండే మనిషి. మంచం పక్కన కూర్చుని ఒపియా మోచేయి ఒక చేత్తో పట్టుకున్నాడు. రెండో చేత్తో ఆమె నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు, చర్మం చిటికెతో లాగి వదిలాడు. చర్మం లాగినట్టే నిలబడిపోయింది.

"ఈ మోచేయి ఏ నీళ్ళు తాగుతోంది?" అన్నాడు.

"సందు తొట్టి నీళ్ళు," అన్నాడు తుబెరో.

"మోచేతికి ఆ నీళ్ళు పడవు. కొండ నీళ్ళు పట్టాలి. అవి పడితే ఏ మందూ అక్కర్లేదు. పడకపోతే నా దగ్గర మందు లేదు. నెల తిరక్కుండా మోచేయి పోతుంది."

ఒపియా కళ్ళు తెరిచింది. "పోయేది మోచెయ్యి ఒక్కటేనా అయ్యా?"

వైద్యుడు గుమ్మంలోని సిలో వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"దానితోబాటు తక్కినదంతా పోతుందమ్మా," అన్నాడు మెల్లగా.

మోచేతికి ఒక కట్టు కట్టి వెళ్ళిపోయాడు. కట్టు చాలా చక్కగా కట్టాడు.

అప్పటినుంచి తుబెరో మనసులో పదకొండు గొట్టాలు తప్ప ఇంకేం లేవు. పెద్ద పనేం కాదు. కుమ్మరి సారె మీద ఒక్కరోజులో తీయవచ్చు. ఆరడానికి అయిదారు రోజులు, కాలడానికి ఒకటి. అతుకులకు నూనెలో పిసికిన సున్నం. కాని ప్రకటన మీద ప్రకటన వచ్చి ఊరి బంకమట్టి అంతా అవయవాలకే కేటాయించారు. ఆవంలో ఏం పెట్టినా సిలో పలకలో ఎక్కాలి. వీధికి ఇన్ని అవయవాలని కోటా కూడా పెట్టారు. జబ్బే లేని వీధులు వెనకబడ్డ వీధులుగా రాయబడ్డాయి. కమ్మరి వీధివాళ్ళు అవమానం భరించలేక అందరూ కలిసి ఇరవై మోకాళ్ళు సమర్పించారు. వాళ్ళలో ఎవరికీ మోకాళ్ళ నొప్పి లేదు. సమర్పించిన మర్నాటినుంచి ఇద్దరికి మొదలైంది గాని, అప్పటికే నయమైపోయారు కనుక చెప్పుకోలేదు.

తుబెరో తెర్తుల్లాను వెంటబెట్టుకుని ఫాబుల్లుస్ దగ్గరికి వెళ్ళాడు. మాట్లాడవలసిందంతా ఆమే మాట్లాడింది. గొట్టాలు పగిలాయి, మురుగు కలుస్తోంది, సందులో అందరికీ కడుపులు పోతున్నాయి, మావ గొట్టాలు తనే చేస్తానంటున్నాడు, అనుమతి ఇప్పించండి బాబుగారూ, అంది.

ఫాబుల్లుస్ చిరునవ్వు నవ్వాడు.

"రంగులవారి సందు నుండి ఇంతవరకు ఎన్ని ఉదరములు సమర్పింపబడినవి సిలో?"

"అరవై రెండు అయ్యగారూ."

"తక్కిన వీధులన్నిటి నుండి?"

"కలిపి పద్దెనిమిది."

"వింటివా అమ్మా. నగరమున నయమైన ఉదరములలో నాలుగింట మూడు వంతులకు మించి మీ సందువే. ఉదరమును నయము చేయునది ఏది? జలము. కనుక నగరమునందలి అత్యుత్తమ జలము మీ తొట్టియందే ప్రవహించుచున్నది. దానిని బాగుచేయుదుమనుట, బాగుగానున్నదానిని చెరచుటయే కదా."

తెర్తుల్లా నోరు తెరిచి, మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం తుబెరో అదే మొదటిసారి చూశాడు.

ఫాబుల్లుస్ అక్కడితో ఆగలేదు. ఆయనకు తన మాట తనకే నచ్చింది. మరుసటి రోజు ప్రకటనలో రంగులవారి సందు జలము ఉదరవ్యాధులకు దివ్యౌషధమని, ఇతర వీధులవారు దానిని సేవించి లబ్ధి పొందవచ్చునని, సందువాసులు ఉత్తమ జలమును విడిచి కొండ తొట్టి మొదలైన అధమ జలములకు పోవుట నగరమునకు అప్రతిష్ఠ గాన నిషేధమని వేశారు. సందు మొగలో ఒక కావలివాణ్ణి పెట్టారు.

తుబెరో తెల్లవారుజామున కొండ తొట్టికి వెళ్ళి కుండ నింపుకుని వచ్చాడు. కావలివాడు కుండ అందుకుని నేల మీద పారబోశాడు. "ఏవనుకోకు పెద్దాయనా," అన్నాడు. "నాకూ ఇది బాగాలేదు. ఇక్కడ కాపలాకి వచ్చినకాడ్నుంచి నీ సందు నీళ్ళే తాగిస్తన్నారు." అని పొట్ట పట్టుకుని గోడ చాటుకు పరిగెత్తాడు.

ఆ తర్వాత తెర్తుల్లా శనగల బుట్ట అడుగున చిన్న కూజాతో కొండ నీళ్ళు తేవడం మొదలుపెట్టింది. రోజుకు రెండు గిన్నెల నీళ్ళు. ఒపియా బతికి ఉన్నది ఆ రెండు గిన్నెల మీదే. ఊళ్ళోవాళ్ళంతా కుండలు తెచ్చుకుని సందు తొట్టి ముందు బారులు తీరారు. వారం తిరిగేసరికి అన్ని వీధుల నుంచీ కడుపులు రావడం మొదలై, గుడి గోడ నిండి, వరండా నిండి, చివరికి వైద్యశాలను ఖాళీ చేయించి అందులో పేర్చారు. నయమైన అవయవాలు పెట్టుకోవడానికి వైద్యశాలకన్నా తగిన చోటు లేదని సభ తీర్మానించింది. హెర్మొలావు తన పెట్టె తీసుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరూ రావడానికి లేదు కనుక ఎండ తగలడం తప్ప ఆయనకు ఇబ్బంది కలగలేదు.

నెల సగంలో ప్రాంతాధిపతి ప్రతినిధి తనిఖీకి వచ్చాడు. పల్లకీలో వచ్చిన లావుపాటి మనిషి. గుడిలో నాలుగువందల కడుపులు చూసి ఆశ్చర్యపోయాడు. ఫాబుల్లుస్ ఆయనకు వెండి గిన్నెలో రంగులవారి సందు జలం ఇచ్చాడు. ప్రతినిధి రుచి చూసి, "ఏదో ఖనిజము కలదు," అన్నాడు. మర్యాదకు మూడు గిన్నెలు తాగాడు.

రెండోరోజు ఆయన విందుకు రాలేదు. మూడోరోజు వైద్యుణ్ణి పిలిపించమన్నాడు. వైద్యుడికి బదులు ఫాబుల్లుస్, సిలో, ఇద్దరు వేణువు ఊదేవాళ్ళు వచ్చారు. పట్టుగుడ్డ మీద ఒక మట్టి కడుపు ఉంది. తుబెరో చేసిందే. ప్రతినిధి హోదాకు తగ్గట్టు బంగారు రంగు పూయించారు.

"ఏవిటిది?" అన్నాడు ప్రతినిధి మంచం మీదనుంచి.

"తమ ఉదరము. పలకకు ఎక్కినది, గుడికి కొనిపోవుచున్నాము. శుభము. తమరు నయమైతిరి."

ప్రతినిధి చాలాసేపు ఫాబుల్లుస్ ముఖం చూశాడు. ఆయన మంచం పక్కనే సగం రాసిన నివేదిక ఉంది. మార్వెంతంలో రోగమన్నది లేదని అప్పటికే రాశాడు. రోగం లేని ఊళ్ళో తను రోగి అయితే నివేదిక అబద్ధం. నివేదిక నిజమైతే తను రోగి కాడు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా నివేదికలు రాస్తున్నాడు.

"చాలా తేలికగా ఉన్నది," అన్నాడు చివరికి. "పల్లకీ తెప్పించండి. తొందరగా."

పల్లకీ ఊరు దాటేలోపు ఆరుసార్లు ఆగింది. వారం తిరిగేసరికి బిరుదు వచ్చింది. నిత్యారోగ్య నగరము అని ద్వారం మీద చెక్కారు. బిరుదుకు తగ్గట్టు కోటా రెట్టింపు చేశారు.

ఒపియా ఇప్పుడు గిన్నె పట్టుకోలేకపోతోంది. కావలివాడు మారాడు. కొత్తవాడు బుట్టలు కూడా వెతుకుతున్నాడు. తెర్తుల్లా కూజా రెండురోజులుగా రాలేదు.

తుబెరో కడుపుల అచ్చులు పక్కకు పెట్టి సారె ముందు కూర్చున్నాడు. పదకొండు గొట్టాలు తీశాడు. మోచేయంత పొడవు, ఒక కొస సన్నం, ఒక కొస వెడల్పు, ఒకటి ఇంకొకదానిలో దూరేటట్టు. పెరట్లో ఆరబెట్టి మీద గడ్డి కప్పాడు. ఎండలు కాస్తున్నాయి కనుక నాలుగు రోజుల్లో ఆరాయి. ఆవంలో పేర్చేనాడు సిలో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇవేంటి?"

తుబెరో చేతిలోది దించి ఆలోచించాడు. మట్టితో తప్ప అబద్ధం ఆడే అలవాటు అతనికి లేదు. ఎండితే పగలవని మట్టికి మాత్రం అప్పుడప్పుడు చెప్పేవాడు.

"పేగులు," అన్నాడు.

"ఇంత లావా? ఎవరివి?"

"సందువి."

"సందుకు పేగులేంటయ్యా?"

"సందుకు కడుపు బాగాలేదు."

సిలో పలక చూశాడు. పేరు గడి ఉంది, వీధి గడి ఉంది, అవయవం గడి ఉంది. పేరు గడిలో వీధిని రాయవచ్చునో లేదో అతనికి ఎవరూ చెప్పలేదు. రాయకపోతే తప్పవుతుందేమో, రాస్తే తప్పవుతుందేమో. "కాల్చు," అన్నాడు చివరికి. "కానీ బయటికి తియ్యకు. సభను అడగాలి."

సభ ఆ మధ్యాహ్నమే కూడింది. తుబెరో చేతులు కట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. వీధికి పేగు కలదా అన్న విషయం మీద చర్చ జరిగింది. వీధి ప్రాణి కాదు గనుక లేదని ఒక సభ్యుడు అన్నాడు. ప్రాణి కాని నగరమునకు ఆరోగ్య బిరుదు ఎట్లు వచ్చెనని ఇంకో సభ్యుడు అడిగాడు. పేగున్నదని ఒప్పుకుంటే రేపు మెదడు కూడా ఉన్నదంటారని మూడో సభ్యుడు భయపడ్డాడు. మెదడు విషయము సభకు సంబంధించినది కాదని ఫాబుల్లుస్ తేల్చాడు. శాస్త్రం చెప్పడానికి, మెట్ల మీద ఎండలో కూర్చున్న హెర్మొలావును పిలిపించారు.

వైద్యుడు వచ్చి తుబెరోను చూశాడు. మోచేయి గుర్తొచ్చినట్టుంది.

"వీధి తాగుతుంది, వదులుతుంది," అన్నాడు. "తాగేదానికి ఒక దారి, వదిలేదానికి ఒక దారి ఉండాలి. రంగులవారి సందులో రెండూ ఒకటయ్యాయి. ఈ ముసలాయన చేసింది తాగే దారి. అది లేక వీధి చస్తోంది."

"ఎంత గంభీరము," అన్నాడు ఫాబుల్లుస్. "రాసుకొనుము సిలో. వీధి కూడ రోగి కాగలదు. అట్లయినచో వీధి కూడ నయము కాగలదు. ఆ సందున జనాభా ఎంత?"

"నూట నలభై అయ్యగారూ."

"పేగులు పదకొండు. పదకొండును నూట నలభైచే గుణింపుము."

"వెయ్యిన్ని అయిదువందల నలభై."

సభ లేచి నిలబడింది. పక్క పట్టణం ఇక ఎన్నటికీ అందుకోలేదు. పేగు లోపలి అవయవం గనుకా, వీధి నడిచి గుడికి రాలేదు గనుకా, సదరు పేగులను సందు లోపలనే, భూగర్భమున సమర్పింపవలెనని ఏకగ్రీవంగా తీర్మానించారు. తుబెరో కళ్ళు మూసుకుని తెరిచాడు. అతను తన జీవితంలో ఒక అబద్ధం ఇంత దూరం నడవడం చూడలేదు.

మూడోనాడు ఊరేగింపు జరిగింది. ముందు వేణువులు, వెనక బలి పంది, ఆ వెనక పూలదండలు వేసిన పదకొండు గొట్టాలు. సందు మొగలో పెద్దలకు కుర్చీలు వేశారు, అక్కడే నీడ ఉంది. స్నానశాల గోడ అక్కడికి రెండువందల అడుగులు. తుబెరో ముందుకు వచ్చి, "బాబుగారూ, పగిలింది అక్కడ," అని చెయ్యి చూపించాడు.

"అక్కడ ఎండ," అన్నాడు ఫాబుల్లుస్.

కుర్చీల ముందే మోకాలి లోతు గుంట తవ్వారు. గొట్టాలను పక్కపక్కనే పడుకోబెట్టారు, లెక్కకు కనిపించాలి గదా. తుబెరో వంగి ఒకదాన్ని ఇంకొకదానిలో దూర్చబోతే సిలో చెయ్యి పట్టుకుని ఆపాడు. "కలిపితే ఒకటే అవుతుంది," అన్నాడు చెవిలో. "మిగతా పది ఎక్కడ చూపించను?" పైన మట్టి కప్పి, పాలు పోసి, సందు నయమైనదని చాటించారు.

తుబెరో ఇంట్లోకి వచ్చేసరికి ఒపియా కళ్ళు మూసుకుని వింటోంది.

"వేణువులేంటి? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలా. పేగులు పూడుస్తున్నారు."

"ఎవరివి?"

"మనవే."

ఆమె ఇంకాసేపు విని, "ఊదేవాడికి సరిగా రాదు," అంది. ఆమె పెదవులు తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి.

మర్నాడు తెల్లవారగానే తుబెరో పార భుజాన వేసుకుని సందు మొగకు వెళ్ళాడు. సమర్పణ అయిపోయింది కనుక కావలి తీసేశారు. కుర్చీలు కూడా లేవు. గుంట తవ్వి గొట్టాలు తీసి, రెండేసి చొప్పున స్నానశాల గోడ దగ్గరికి మోశాడు. మూడోసారి మోస్తుండగా నీలిరంగు చేతులతో ఇద్దరు అద్దకంవాళ్ళు ఏమీ అడక్కుండా మిగతావి అందుకున్నారు. ఇంకొకడు కొండ తొట్టి దగ్గరికి పోయి సందుకు దిగే నీటి తలుపు దించి వచ్చాడు. అందరూ కలిసి గోడ వెంట తవ్వారు. పగిలిన పెంకులు ఏరి పారేసి, మురుగు కాలవ వైపు బంకమట్టి దిమ్మిస కొట్టారు. తుబెరో గుంటలోకి దిగి, మొదటి గొట్టం సన్నపు కొస రెండోదానిలో దూర్చి, నూనెలో పిసికిన సున్నం అతుకు చుట్టూ రుద్దాడు.

ఏడో అతుకు దగ్గర ఉండగా సిలో పలకతో వచ్చాడు.

"ఏవోయ్. సమర్పించిన అవయవాన్ని కదిలించకూడదు."

తుబెరో తల ఎత్తలేదు. "పేగు కదుల్తుందయ్యా. కదలకపోతేనే జబ్బు."

సిలో నిలబడి ఆలోచించాడు. పేగు కదలరాదని ఏ ప్రకటనలోనూ లేదు. గుంటలోకి చూశాడు, అద్దకంవాళ్ళ చేతుల్లోని పారలు చూశాడు. "మా అమ్మకి కూడా నాలుగు రోజులనుంచి బాగాలేదు," అన్నాడు నెమ్మదిగా. తర్వాత పలక గోడకు ఆనించి, వంగి, ఎనిమిదో గొట్టం అందించాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి తలుపు ఎత్తారు. తొట్టిలో ముందు నురగ వచ్చింది, తర్వాత బురద. తర్వాత కాసేపు ఏమీ రాలేదు. తర్వాత నీళ్ళు వచ్చాయి. తుబెరో మొదటి కుండ పారబోశాడు. రెండోదీ పారబోశాడు. మూడో కుండ నింపి, వాసన చూసి, భుజానికెత్తుకుని ఇంటికి నడిచాడు. ఒపియాను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టి గిన్నె నోటి దగ్గర పెట్టాడు.

ఆమె ఒక గుక్క తాగి, "చప్పగా ఉన్నాయి," అంది.

"ఉండాలి," అన్నాడు తుబెరో.

ఆమె గిన్నె పూర్తిచేసింది. రెండో గిన్నె కూడా అడిగింది. అది కూడా లోపల నిలిచాక, అతను నేల మీద ఆమె మంచానికి ఆనుకుని కూర్చుని, అదే గిన్నెలో తనకూ కొన్ని పోసుకున్నాడు.